మూడు వందల మాటలకు మించరాదు

రాత్రి పదకొండుంబావు.
కానూరులో మా మేడ మీద
ఫ్యాను ఒక రెక్క తేడాగా తిరుగుతోంది.
గడువు పన్నెండుకి.
తెర మీద ఎర్రటి అక్షరాలు:
మూడు వందల మాటలకు మించరాదు.
నావి మూడు వందల నలభై ఒకటి.

కోతకి ముందు దొరికేవి విశేషణాలు,
వాటి తరఫున అడిగేవాడుండడు.
'గణనీయంగా' పోయింది, 'సమగ్రంగా' పోయింది.
'మొట్టమొదటిసారిగా' అన్నది నేనే నమ్మలేదు కనక
తనంత తానే లేచి వెళ్ళిపోయింది.
పగులు ముఖం మీద గీతలు ఎలా ఉంటాయో రాసుకున్నా,
బ్యారేజీ గేట్లు దించాక ఇసుక మీద మిగిలే నీటి గీతల్లాగా అని.
ఎనిమిది మాటలు.
కళ్ళు మూసుకుని చెరిపేశాను.

విషయం: బరువు లారీల కమాను పట్టీల్లో
అలసట పగుళ్ళు.
లోహానికీ అలసట ఉంటుందని క్లాసులో చెప్తే
"సెలవు పెట్టించండి మేడమ్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

నమూనాలు నలభై ఆరు.
ఆటోనగర్ అడ్డరోడ్డులో
షేక్ కాలేషా షెడ్డులో తుక్కు రేటుకి కొన్నవి.
పది టన్నుల కాగితం మీద పదహారు టన్నుల ఇసుక మోసి
ఏటి ఒడ్డు నుంచి రోడ్డెక్కేచోట
ఒకటి ఠప్పుమంటే
దాని పక్కనుంచి ఊడదీసిన జోడు పట్టీలు.

కాలేషా వాటిని చెవితో చదువుతాడు.
సుత్తితో ఒక్క దెబ్బ.
ఖంగుమంటే బతికుంది.
బొంగురుపోతే, "లోపల గీత పడిందమ్మా."
నేను నమ్మక
హైదరాబాదు నుంచి తెప్పించిన
తొమ్మిది వేల ఎర్రరంగు సీసా తీస్తాను.
అతను కిరసనాయిలు గుడ్డతో పట్టీ తుడిచి,
సుద్దపొడి చల్లి,
దూరంగా వెళ్ళి బీడీ ముట్టిస్తాడు.
బీడీ సగం కాకముందే
తెల్లటి పొడి మీద ఒక నల్లటి వెంట్రుక.
నా రంగు ఇంకా ఆరుతూ ఉంటుంది.
కోసి చూస్తే, నలభై ఆరింట్లో నలభై మూడు
అతని చెవి చెప్పినట్టే.

సారాంశంలో ఇదంతా ఒక్క ముక్క:
'నమూనాలు సేకరించబడినవి, పరీక్షించబడినవి.'
కర్త కర్మ క్రియ అన్నీ తానే అయినవాడు
కర్మణి ప్రయోగంలో
కనపడకుండా పోయాడు.
పైగా రెండు మాటలు ఆదా.

పదకొండున్నర దాటాక వెనక్కి వెళ్ళాను.
రచయితల పట్టికలో మొదట నేను, దాసరి నయోమి.
చివర మా గైడు గారు.
ఆయన షెడ్డుకి ఎప్పుడూ రాలేదు, ఎండ పడదు.
మధ్యలో ఒక వరస చేర్చాను.
పేరు: షేక్ కాలేషా.
సంస్థ, తప్పనిసరి. షెడ్డు నంబరు కొట్టాను, ఒప్పుకుంది.
విభాగం, తప్పనిసరి. కాసేపు ఆలోచించి 'కమాన్లు' అన్నాను.
మెయిలు, తప్పనిసరి.
ఆ వేళప్పుడు ఫోను చేస్తే
"మా యేసోబుకి ఉందిలే, రీచార్జీల కోసం పెట్టుకున్నాడు" అని
కుర్రాణ్ణి నిద్ర లేపాడు.
వాడు ఆవలిస్తూ అక్షరం అక్షరం చెప్పాడు.
మొదట ఒక హీరో పేరు, చివర వాడి పుట్టినరోజు.

'చెవి' తీసేసి 'శ్రవణ పరీక్ష' అని పెట్టమని
గైడు గారి మెసేజీ.
చదివి, చదవనట్టు ఊరుకున్నాను.
పదకొండూ యాభై ఎనిమిది.
సరిగ్గా మూడు వందలు.

మర్నాడు షెడ్డు ముందు
యేసోబు ఫోను ఎత్తి పట్టుకుని అరుస్తున్నాడు:
'ప్రియమైన డాక్టర్ కాలేషా గారికి' అని వచ్చిందట.
పక్క షెడ్లవాళ్ళు నడుములు పట్టుకుని
"డాట్రారూ, ఇక్కడ నొప్పి" అంటూ వరసలో నిలబడ్డారు.
కాలేషా నవ్వలేదు.
"పాసయిందా?"
రెండు నెలలు పడుతుంది, పెద్దలు చదివి చెప్తారన్నాను.
"చదివా? కొట్టి చూడరూ?"
లేదన్నాను.
కాసేపు నా మొహం చూసి
కొలిమిలో ఎర్రబడ్డ పట్టీ వైపు తిరిగాడు.
"నలభై ఏడోది పక్కన పెట్టానమ్మా.
పైకి బాగానే ఉంది, తీసుకెళ్ళు.
తుక్కు మటుకు ఇవాళ కేజీకి రూపాయి పెరిగింది."